పెద్దమ్మకు పక్క వేసే మనిషి

మా బావ పడుకునే పరుపు చూస్తే ఎవరికైనా జాలేస్తుంది. దూది ఉండలు కట్టి, నడుమ గుంటపడి, ఒక మూల కుట్లు ఊడి, పారేయడానికి మనసొప్పక ఉంచుకున్న సామానులా ఉంటుంది. పరుపులు కుట్టే ఇంటికి అల్లుడై ఉండి ఇదేం ఖర్మ బావా, కొత్తది కుట్టిస్తానంటే, "నాకెందుకు, నేనేమన్నా గుర్రాన్నా?" అంటాడు.

నిజమే. గుర్రమై పుట్టి ఉంటే ఆయన రాత ఇంకోలా ఉండేది.

మా బావ ఊరి చివర గుర్రపుస్వారీ నేర్పే బడిలో సాయీసు. గుర్రాలకు మేత పెట్టడం, నీళ్లు పట్టడం, మాలీసు చేయడం, లద్దె ఎత్తడం, రోజూ వాటి గదుల్లో పక్క వేయడం ఆయన పని. జీతం అన్ని పనులకూ కలిపే ఇస్తారు కానీ, ఆయన ప్రాణమంతా ఆ పక్క మీదే. తడిసిన గడ్డి తీసి, పొడిగా ఉన్నది ఒక వారకు నెట్టి, నేల ఆరనిచ్చి, కొత్త మోపు విప్పి పంగలకర్రతో ఎగరేసి ఎగరేసి పరుస్తాడు. మోకాలి లోతు వచ్చేదాకా వదలడు. గోడల వెంట గట్టు కడతాడు. అన్నీ అయ్యాక గుమ్మం దగ్గర గడ్డిపోచలను జడలా అల్లి, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా అంచు తీరుస్తాడు. ఆ విద్య ఆయనకు పని నేర్పిన ముసలి సాయీసుది. గుర్రం ఒక్కడుగు బయటికి వేస్తే ఆ జడ కాస్తా చెదిరిపోతుంది. మర్నాడు మళ్లీ అల్లుతాడు.

"పెళ్లయి ఇన్నేళ్లయింది, నా జడ ఒక్కనాడైనా అల్లారేమో అడుగు," అంటుంది అక్క.

"గుమ్మంలో కదలకుండా నిలబడు, అల్లకపోతే అప్పుడడుగు," అంటాడు బావ.

అసలు అక్కకు ఆయన దొరికింది కూడా పరుపుల దగ్గరే. అప్పట్లో దుకాణం మా నాన్న చూసుకునేవాడు. ఒకరోజు ఈయన, చిరిగిన పరుపుగుడ్డలుంటే లద్దె మోసే సంచులు కుట్టుకుంటానని వచ్చి, వచ్చిన పని మరిచిపోయి, అమ్మకానికి పెట్టిన ప్రతి పరుపునూ మోకాలితో నొక్కి చూడటం మొదలుపెట్టాడు. "దీనికి నేల తగులుతుంది. ఇది పరవాలేదు. దీంట్లో దూది ఒక పక్కకే జరిగిపోతుంది." అన్నీ తనలో తాను చెప్పుకునే తీర్పులే. కుట్టుమిషను దగ్గర కూర్చున్న అక్క తలెత్తి, "కొనేదుంటే కొనండి, లేకపోతే మోకాలు తీయండి," అంది. మోకాలు తీశాడు గానీ మనిషి దుకాణాన్ని వదల్లేదు. వారం వారం చిరుగు గుడ్డల కోసం వచ్చాడు. ఒక గుర్రపుశాలకు అన్నేసి సంచులు దేనికో మా నాన్నకు అర్థం కావడానికి చాలా కాలం పట్టింది. ఇప్పుడా దుకాణం నాది. పరుపులను మోకాలితో నొక్కడం బావ ఇంకా మానలేదు.

ఇక పెద్దమ్మ సంగతి. గుర్రపుశాలలో అందరికంటే వయసు మళ్లిన ఆడగుర్రం అది. ముదురు ఎరుపు ఒళ్లు, నుదుట తెల్ల మచ్చ, ఎవరు ఎక్కి ఏం చేసినా పోనీలే అనుకునే నిదానం. స్వారీకి కొత్తగా వచ్చిన పిల్లల్ని ముందు దాని మీదే ఎక్కిస్తారు. వాళ్లు కళ్లెం ఇటు లాగాల్సింది అటు లాగినా, అది తన దారిన తాను సరైన చోటికే వెళ్లి నిలబడుతుంది. పెద్దమ్మ అని పేరు పెట్టింది బావే. ఇంట్లో ఆ పేరు ఎంత నలిగిందంటే, ఒకసారి మా సొంత పెద్దమ్మకు ఒంట్లో బాగాలేదని కబురొస్తే, బావ దాణా సంచి భుజాన వేసుకుని బయల్దేరబోయాడు.

ఆ పెద్దమ్మకు దగ్గు పట్టుకుంది. మొదట్లో సాయంత్రం పక్క వేశాక కాసేపు దగ్గేది. తర్వాత మైదానంలో కూడా మొదలైంది. ఒకరోజు దాని మీదున్న పిల్ల బెదిరిపోయి, దిగనంటూ మెడ పట్టుకుని ఏడ్చింది. దాంతో బడి నడిపే యజమానురాలు పశువుల డాక్టరును పిలిపించింది. ఆయన పెద్దమ్మ పక్కటెముకల మీద గొట్టం పెట్టి చాలాసేపు విని, దీని ఊపిరితిత్తులకు దుమ్ము పడటం లేదు, గదిలో పక్క మార్చండి, అని చెప్పి వెళ్లాడు.

యజమానురాలు బావను పిలిచి మెత్తగానే చెప్పింది. "గడ్డి ఖరీదు కూడా మండిపోతోంది పెద్దాయనా. తడి బాగా పీల్చేది, మనకు గిట్టుబాటయ్యేది, దుమ్ము లేనిది ఏదన్నా చూడండి. పిల్లల సెలవులు అయ్యేలోపు దగ్గు తగ్గకపోతే పెద్దమ్మను మా స్నేహితురాలి పొలానికి పంపేస్తాను. అక్కడైతే ఆరుబయటే ఉంటుంది పాపం."

ఇంత మాటలోనూ బావ చెవికెక్కినవి రెండే. దుమ్ము అన్నది ఒకటి, పంపేస్తాననడం రెండోది.

"నా గదిలో దుమ్మా!" అన్నాడు ఇంటికొచ్చి, కంచం ముందు కూర్చుని. "ఆ డాక్టరుగారు వాళ్లింట్లో మంచం కిందికి ఎప్పుడన్నా తొంగి చూశాడేమో కనుక్కోవాలి."

"ఆయన మంచం కింద ఏముంటే మీకెందుకండీ? మార్చమన్నారు, మార్చి చూడండి," అంది అక్క.

"ఊరికే మారుస్తానా? అన్నిటినీ పరీక్ష పెడతా. గడ్డిని మించింది ఉంటే దాన్నే వేస్తా."

మాట ఇచ్చినప్పుడు ఆయన మొహం చాలా నిష్పక్షపాతంగా ఉంది. మర్నాటికల్లా అక్క వంటింట్లో అడుగుపెట్టే చోటు లేదు. మిల్లు నుంచి ఊక, కోత మిషను దగ్గర నుంచి రంపపు పొట్టు, అచ్చు వేసే చోట నుంచి కాగితం ముక్కలు, వడ్రంగి చిత్రిక పట్టినప్పుడు చుట్టలు చుట్టుకుని రాలే పల్చటి చెక్కపొట్టు, అన్నీ సంచుల్లో దిగాయి. వాటితో పాటు దొరగారిలా గడ్డి. పాలగిన్నెలో గడ్డి, కూరగిన్నెలో ఊక, అక్క పోపులకు వాడే మూకుడులో రంపపు పొట్టు నానాయి. నా దుకాణంలో దూది తూచే త్రాసు కూడా పట్టుకుపోయాడు. దేన్ని నానబెట్టి వడకడితే ఎక్కువ నీళ్లు దిగకుండా ఆగుతాయో అదే గొప్ప అన్నమాట.

వడకట్టేటప్పుడు చూశాను ఆయన న్యాయం. గడ్డిని రెండు వేళ్లతో సుతారంగా ఎత్తి, త్రాసులో పెట్టాడు. చెక్కపొట్టు వంతు వచ్చేసరికి రెండు చేతులా పిండడం మొదలుపెట్టాడు.

"బావా, అన్యాయం. గడ్డికి జలకాలాడించి, పొట్టుకి ప్రాణం తీస్తున్నావు."

"పొట్టుకి పొగరు ఎక్కువ మరదలా. పిండితేగానీ నిజం చెప్పదు."

అంత పిండినా పొట్టే బరువు తూగింది. బావ త్రాసు వంక అనుమానంగా చూసి, అసలు తడి పీల్చడం అంత ముఖ్యం కాదని, పక్కన్నాక మెత్తదనం చూడాలని పోటీ మార్చేశాడు. వరండాలో అన్నిటినీ కుప్పలుగా పోసి ఒక్కోదాని మీదా పడుకున్నాడు. గుర్రం ఎలా పడుకుంటుందో అలాగే, కాళ్లు ఒక వైపు ముడిచి, మెడ చాచి. పక్కింటావిడ గోడ మీద నుంచి చూసి, "మీ ఆయనకు నడుం పట్టేసిందా?" అని అడిగింది. "నడుం కాదండీ, పైన," అంది అక్క.

గడ్డి గెలిచింది. గెలవక ఏం చేస్తుంది? పోటీ పెట్టింది ఆయనే, తూచింది ఆయనే, పడుకుంది ఆయనే. తడి చూశాడు, బరువు చూశాడు, మెత్తదనం చూశాడు. డాక్టరు చెప్పిన దుమ్మును మాత్రం చూడలేదు. తన గదుల్లో దుమ్ము ఉండదని ఆయనకు ఎంత నమ్మకమంటే, లేనిదాన్ని వెతకడం దండగ అనుకున్నాడు.

పైగా దగ్గుతున్న మనిషికి మనం ఇంకో దుప్పటి కప్పినట్టు, పెద్దమ్మకు పక్క రెట్టింపు చేశాడు. ఒంటిపూట ఎగరేసేవాడు రెండు పూటలా ఎగరేశాడు. మోకాలి లోతు తొడ దాకా వచ్చింది. గుమ్మం దగ్గర జడ ఇంకా లావుగా అల్లాడు. దగ్గు ఎక్కువైంది. ఎక్కువైన కొద్దీ బావ ఇంకా మోపులు విప్పాడు. చివరికి మధ్యాహ్నం భోజనానికి రావడం కూడా మానేశాడు. నేను వేళాకోళం మనిషినే గానీ, ఆ రోజుల్లో ఆయన మొహం చూస్తే నాకూ భయం వేసింది. సెలవులు అయిపోవస్తున్నాయి. ఆ గది ఖాళీ అయితే ఈయన ఏమైపోతాడోనని అక్క కుట్టిన కుట్టే మళ్లీ మళ్లీ కుట్టేది.

ఒకరోజు ఇద్దరం కారియర్ పట్టుకుని గుర్రపుశాలకు వెళ్లాం. పొడవాటి సావడి, దానికి ఒక పక్కంతా గదులు. పెద్దమ్మ గది చివరిది. పై కిటికీలోంచి ఎండ ఏటవాలుగా లోపల పడుతోంది. బావ నడుం మీద చెయ్యేసుకుని పంగలకర్రకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. నిజంగానే నడుం పట్టేసింది.

"ఇటివ్వండి," అంది అక్క, కారియర్ నా చేతిలో పెట్టి.

"నీకు చేతకాదే."

"పరుపుల్లో దూది దులిపి పెరిగినదాన్ని. ఇది రాదా? బయటికి రండి. దాన్నీ తీసుకురండి."

బావ పెద్దమ్మను బయటికి తెచ్చి, తాడు పట్టుకుని గుమ్మం పక్కన నిలబడ్డాడు. అక్క చీర బొడ్లో దోపి గడ్డి ఎత్తింది. ఆయన ఊరుకుంటే కదా! "అలా కాదు, కింద నుంచి ఎత్తు. విదిలించు. పైకి, ఇంకా పైకి. పోచ పోచ విడిపోవాలి." అక్కకు అసలే ఒళ్లు మండుతోందేమో, చెప్పినదానికి రెండింతలు ఎగరేసింది.

అప్పుడు ఎండలో కనబడింది దుమ్ము. పైకప్పు దాకా లేచి, ఆ వెలుగులో తెరలు తెరలుగా తిరుగుతూ, గుమ్మంలోంచి మా మీదికి వచ్చింది. అక్క నడుం వరకే కనబడుతోంది. పెద్దమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. తిప్పుకుని, మెడ కిందికి వాల్చి దగ్గింది. ఆగి మళ్లీ దగ్గింది.

"పైకి..." అంటూనే ఉన్న బావ నోరు అలాగే ఉండిపోయింది.

"నువ్వు ఎత్తడం వల్ల," అన్నాడు. "నేనైతే ఇంత లేవదు." పంగలకర్ర లాక్కుని లోపలికి వెళ్లి తనే ఎగరేశాడు. రెండు మోపులు ఎగరేసి, దుమ్ము మధ్యలో నిలబడి చుట్టూ చూసుకున్నాడు. "ఏదీ? ఎక్కడుంది?"

"లోపలుంటే కనబడదండీ," అంది అక్క. గొంతులో కోపం లేదు. "మీరు ఎప్పుడూ లోపలే ఉన్నారు."

బావ బయటికొచ్చి, బోర్లించిన బక్కెట్టు మీద కూర్చున్నాడు. పెద్దమ్మ అలవాటు కొద్దీ ఆయన భుజం మీద మూతి పెట్టింది. "ఇన్నాళ్లూ దీని గొంతులో దుమ్ము పోసింది నేనేనటే?" అని అక్కను అడిగాడు. మా బావ ఏడ్చాడు.

ఆ సాయంత్రమే గదిలోని గడ్డి అంతా బయటికి పోయింది. చుట్టుపక్కల గదుల్లోది కూడా తీయించాడు, దుమ్ముకు గోడలు అడ్డమా అని. చెక్కపొట్టు వేద్దామని తేలింది. ఎలాంటి చెక్క పడితే అలాంటిది పనికిరాదని, కొన్ని రకాలు గిట్టలకు చేటు చేస్తాయని డాక్టరు చెబితే, ఈసారి బావ నోరెత్తకుండా విన్నాడు. రంగూ జిగురూ అంటని, డాక్టరు సరేనన్న చెక్క పొట్టు మాత్రమే వడ్రంగి దగ్గర నుంచి తెచ్చాడు. నా దుకాణంలోని దోమతెర గుడ్డను చట్రానికి బిగించి, ఆరుబయట జల్లించి, సన్న పొడి అంతా రాలిపోయాక, చేత్తో నీళ్లు చిలకరించి లోపలికి మోశాడు. ఎగరేయడం లేదు. పసిబిడ్డను పడుకోబెట్టినట్టు దించి, చేతులతో సర్దుతున్నాడు. జడ అల్లడానికి పొట్టులో పోచలెక్కడివి? గుమ్మం బోసిగా ఉంది. ఆయన అటు చూడకుండా పని చేసుకున్నాడు.

లాభం కూడా కనబడింది. గడ్డిలోనైతే తడి జారి కిందికి పోయి నేలంతా పాకేది, పక్క మొత్తం తీయాల్సి వచ్చేది. పొట్టు పడ్డచోటే తడిని పట్టేసి ఉండలా అవుతుంది. ఆ ముద్ద తీసి అంతమేరకే కొత్తది పోస్తే చాలు. యజమానురాలు సంతోషించింది. పెద్దమ్మ దగ్గు మెల్లగా పలచబడింది.

కానీ పెద్దమ్మ పడుకోవడం మానేసింది. గుర్రాలు నిలబడి కునుకు తీస్తాయని అందరికీ తెలుసు. నిజమైన నిద్ర పట్టాలంటే మాత్రం అవీ ఒరగాల్సిందే. రోజూ పొద్దున్నే బావ దాని తోకా, జూలూ, పక్కలూ వెతికేవాడు. పడుకుని లేచిన గుర్రానికి పక్కలోది ఏదో ఒకటి అంటుకుని ఉంటుంది. పెద్దమ్మ ఒళ్లు మాత్రం అద్దంలా ఉండేది. ఏ సాయీసైనా చూసి మురిసిపోయే శుభ్రం చూసి ఈయన కుంగిపోయేవాడు. ఒకనాడు మైదానంలో నిలబడ్డ చోటే దానికి ముందుకాళ్లు మడతపడబోయాయి. నిద్ర లేక. ఇలాగైతే పొలానికే పంపడం మంచిదేమో, డాక్టరు వచ్చాక తేల్చుకుందాం, అంది యజమానురాలు.

"ఊపిరిచ్చి నిద్ర తీసేశాను," అన్నాడు బావ ఇంట్లో. అన్నం ముట్టలేదు.

"బావా, గడ్డి తొడ లోతు వేశావు. పొట్టు ఎంత వేశావు?" అన్నాను.

"అరచేతి మందం. తక్కువలో అవుతుందని అమ్మగారికి చూపించాలి కదా."

"చూపించాలనా, పొట్టు మీద ఇంకా కోపమా?"

బావ నా వంక గుర్రుగా చూశాడు. తర్వాత లేచి గుర్రపుశాలకు వెళ్లాడు. అక్కడేం చేశాడో తర్వాత చెప్పాడు. పెద్దమ్మ గదిలో, పెద్దమ్మ కళ్లెదుటే, దానిలాగే కాళ్లు ముడిచి పడుకున్నాడట. మోచేతికి నేల తగిలిందట. అప్పుడు లేచి వడ్రంగి ఇంటికి వెళ్లి, మూసిన తలుపు కొట్టి, ఉన్న పొట్టంతా బండిలో వేయించుకున్నాడు. వడ్రంగి ఏమని తిట్టాడో మాకు చెప్పలేదు.

డాక్టరు వచ్చిన రోజు నేనూ అక్కా కూడా వెళ్లాం, ఏదైనా అయితే ఆయన పక్కన ఉండాలని. గుర్రాన్ని అద్దంలా తుడవనిదే గడప దాటించని మా బావ, ఆ రోజు పెద్దమ్మను ఎలా ఉన్నదాన్ని అలాగే సావడి పొడుగునా నడిపించుకుంటూ వచ్చాడు. ఎడమ పక్కంతా పొట్టు. జూలులో పొట్టు, తోకలో పొట్టు, చెవి వెనక ఒక చెక్క చుట్ట.

"ఇదేంటి పెద్దాయనా, మాలీసు చేయలేదా?" అంది యజమానురాలు.

"చేయలేదమ్మగారూ. మీరు చూడాలని ఉంచాను." "పడుకుంది."

డాక్టరు గొట్టం పెట్టి ఈ పక్కా ఆ పక్కా విన్నాడు. మేమంతా ఊపిరి బిగబట్టాం, పెద్దమ్మ ఒక్కతే హాయిగా పీల్చుకుంది. బాగుందన్నాడు డాక్టరు. యజమానురాలు దాని మెడ నిమిరి, "ఇక దీన్ని ఎక్కడికీ పంపను," అని ఆఫీసు గదిలోకి వెళ్లిపోయింది.

బావ పెద్దమ్మను ఆరుబయటికి తీసుకెళ్లాడు. వేలు తడిచేసి గాలి ఎటు నుంచి వస్తోందో చూసుకున్నాడు. గాలి వచ్చే వైపు దాన్ని నిలబెట్టి, తాను గాలి పోయే వైపుకు వచ్చి, బ్రష్షు పట్టుకుని మాలీసు మొదలుపెట్టాడు. పొట్టూ దుమ్మూ లేచి ఆయన జుట్టు మీదా కళ్లలోనూ పడుతున్నాయి. అక్క తువ్వాలు పట్టుకుని వెళ్లి, "ఇటు పక్కకు రాకూడదా అండీ? అంతా మీ మీదే పడుతోంది," అంది.

"పడనీవే," అన్నాడు బావ.